వయొలిన్ మళ్ళీ పట్టినప్పుడు: కల్యాణి ఆది వర్ణమా, భైరవి అట వర్ణమా?

1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరు విజయనగరం. ఇక్కడ వయొలిన్‌ని ఏళ్ళ తర్వాత మళ్ళీ తీసేవాళ్ళలో చాలామంది నేరుగా భైరవి రాగంలోని అట తాళ వర్ణం ‘విరిబోణి’కే పోతారు. తొందరపాటే. వర్ణం అంటే రాగాన్నీ తాళాన్నీ సాధన చేయించే రచన.

కల్యాణి రాగంలోని ఆది తాళ వర్ణానికి ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకి, 8 అక్షరాలు (లెక్కలు), మొదటి కాలంలో (నెమ్మది వేగంలో) 32 స్వరాలు. చిక్కు ఒక్కటే: మొదటి పాఠాల రాగం మాయామాళవగౌళ అలవాటుతో మూడో వేలు శుద్ధ మధ్యమం (కింది ‘మ’) దగ్గరే ఆగుతుంది. పంచమం తీగ విడిగా మోగించి, కల్యాణికి కావలసిన పై ‘మ’ను, అంటే ‘ప్రతి మధ్యమం’ అనే స్వరాన్ని, దానికి దగ్గరగా జరపాలి. కమాను లాగుడుకు 4 స్వరాలు చాలు.

భైరవి అట తాళం వేరే లెక్క: 5+5+2+2, అంటే 14 అక్షరాలు, 56 స్వరాలు. 5 అక్షరాల లఘువులో వేళ్ళు లెక్కపెట్టడం మరిస్తే 2 అక్షరాల ద్రుతం దగ్గర తప్పిపోతారు. అసలు కష్టం ధైవతం, అంటే ‘ద’ స్వరం. పైకి పోతే చతుశ్శ్రుతి (పై ‘ద’), దిగేటప్పుడు శుద్ధ (కింది ‘ద’). మొదటి వేలు అరస్వరం వెనక్కి, తీగలు బిగించే బిరడాల వైపు జరగాలి. జరక్కపోతే రాగమే మారిపోతుంది. గాంధార, నిషాదాలకు (‘గ’, ‘ని’లకు) గమకం, అంటే స్వరాన్ని ఊపడం, కావాలి. బిగిసిన మణికట్టుతో అది రాదు.

అందుకే ముందు కల్యాణిని రెండు కాలాల్లో తాళం తప్పకుండా వాయించి, ఆపైన భైరవి పల్లవి ఒక్కటే పట్టడం మేలు.