బెదిరే దత్తత కుక్క: నేరుగా ట్రంకు రోడ్డుకా, గేటు దగ్గరి నుంచా?

నెల్లూరులో కుక్కను దత్తత తెచ్చుకుంటే అందరూ ఇచ్చే సలహా ఒకటే: "నాలుగు రోజులు ట్రంకు రోడ్డు మీద తిప్పండి, అదే అలవాటవుతుంది." హారన్ల మధ్య తిప్పగా అది గొడవ మానేయొచ్చు. కానీ తోక కాళ్ళ మధ్య దాచుకుని, చెవులు వెనక్కి వాల్చి, చికెన్ ముక్క కూడా ముట్టకుండా నిలబడిందంటే ధైర్యం వచ్చినట్టు కాదు, బిగుసుకుపోయినట్టు. బెల్టులోంచి తల లాక్కుని పారిపోతే ఇక మన టెన్షన్ చెప్పక్కర్లేదు.

రెండో దారి నిదానం. గేటు లోపలే కూర్చుని, దూరంగా హారన్ వినపడగానే ఉడికించిన ముక్క పెట్టాలి. శబ్దం ముందు, ముక్క తర్వాత. వరస తిరగబడితే ముక్కను చూసినా బెదరొచ్చు. తింటుంటే రేపు నాలుగడుగులు ముందుకు, తినకపోతే వెనక్కి. వారాలు పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు "మరీ గారాబం చేస్తున్నావు" అంటారు, అననివ్వండి. దగ్గరికి తీసుకున్నంత మాత్రాన భయం పెరగదు.

నా ఓటు దీనికే. ఛాతీకి వేసే హార్నెస్ మాత్రం ఎలాగైనా కావాలి. ఎండాకాలంలో రోడ్డు కాలకముందే తిప్పి తెచ్చేయండి. వీధికుక్కలు కాపుకాసే సందు ఉంటే చుట్టు తిరిగి వెళ్ళండి. మైపాడు బీచ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.