360 ఫోటోకి ఏది మేలు: పానెల్లమా, మార్జిపానోనా, కేఆర్‌పానోనా?

గండికోట లోయ అంచున తీసిన ఫోటోలు నెట్‌లో పెట్టిన దగ్గర్నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న: వేలితో చుట్టూ తిప్పుతూ చూసేలా ఎలా చేశావు, ఏ సాఫ్ట్‌వేర్ అది? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నా. తీయడం, అతకడం మీకు వచ్చనే అనుకుంటాను. హ్యూగిన్, పీటీగుయ్ లాంటి ఫోటోలు అతికే సాఫ్ట్‌వేర్‌తో అతికించేశారు, వెడల్పు ఎత్తుకి సరిగ్గా రెట్టింపు ఉన్న జేపెగ్ మీ దగ్గరుంది. ఆపై సంగతే ఇది.

మొదట నేను పానెల్లమ్‌లో పెట్టాను. ఇది వ్యూయర్, అంటే 360 ఫోటోని వెబ్ పేజీలో తిప్పి చూపించే సాఫ్ట్‌వేర్; మార్జిపానో, కేఆర్‌పానో కూడా అలాంటివే. ఉచితం, ఓపెన్ సోర్స్, చాలా తేలిక. ఒక పేజీలో నాలుగు లైన్లు రాసి ఫోటో పేరు ఇస్తే చాలు. 12,000 × 6,000 పిక్సెళ్ల జేపెగ్‌ని అలాగే ఎక్కించేశాను. నా ల్యాప్‌టాప్‌లో లోయ, కింద పెన్నా, ఎర్రటి రాళ్లు, అన్నీ అద్దంలో చూసినట్టున్నాయి. మురిసిపోయి జమ్మలమడుగులో ఉన్న బావకి లింకు పంపాను. పావుగంటకి ఫోన్ చేశాడు.

"ఏంది రా ఇది, అంతా నల్లగుండాది. మధ్యలో ఏందో ఇంగ్లీషులో రాసుండాది."

చదవమంటే చదివాడు. ఫోటో మరీ పెద్దది, ఈ ఫోన్ అంత వెడల్పు మోయలేదు అని దాని సారాంశం. తప్పు బావ ఫోన్‌దీ కాదు, పానెల్లమ్‌దీ కాదు, అచ్చంగా నాదే. ఈ వ్యూయర్లన్నీ ఫోటోని వెబ్‌జీఎల్ (బ్రౌజర్‌లో బొమ్మలు గీసే పద్ధతి) ద్వారా ఫోన్ గ్రాఫిక్స్ చిప్ చేతిలో పెడతాయి. ఆ చిప్ ఒక్కసారికి ఇంత వెడల్పు బొమ్మే పట్టుకోగలదని హద్దు ఉంటుంది, పాత ఫోన్లలో 4,096 పిక్సెళ్లే. పైగా జేపెగ్‌గా 15 ఎంబీ ఉన్నా, విప్పితే 7.2 కోట్ల పిక్సెళ్లు. పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 288 ఎంబీ మెమరీ. ఒక్క ఫోటోకి!

అప్పట్నుంచీ ఏ వ్యూయర్ చూసినా నేను మొదట అడిగేది ఒకటే: ఫోటోని ముక్కలు చేసి ఇస్తుందా లేదా? హాట్‌స్పాట్లు (ఫోటో మీద నొక్కే గుర్తులు), దానంతట అదే తిరగడం, వీఆర్ కళ్లజోడు పెట్టుకుని చూడడం, ఇవన్నీ తర్వాత. ముక్కలంటే టైల్స్. ఫోటోని ఆరు పలకల డబ్బాగా మార్చి, ఒక్కో పలకనీ చిన్న చిన్న చతురస్రాలుగా కోస్తారు. మసకగా ఉండే చిన్న సైజు ఒకటి, కాస్త స్పష్టమైనది ఇంకొకటి, ఇలా మూడు నాలుగు అంతస్తులు. చూసేవాడు ఎటు తిరిగితే అటువైపు ముక్కలే దిగుతాయి, జూమ్ చేస్తేనే పెద్దవి వస్తాయి. సిగ్నల్ ఒక గీత ఉన్నచోట కూడా ముందు మసకగానైనా లోయ కనబడుతుంది, తర్వాత తేటపడుతుంది. నల్ల తెర ముందు ఎవరూ కూర్చోరు.

పానెల్లమ్‌లోనూ ఈ ముక్కల పద్ధతి ఉంది. కానీ దానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషని కంప్యూటర్‌లో వేసుకోవాలి, హ్యూగిన్‌తో వచ్చే నోనా అనే ప్రోగ్రామ్ ఎక్కడుందో చూపించాలి, నల్ల కిటికీలో కమాండ్ కొట్టాలి. నేను ఒక సాయంత్రం కూర్చుని చేశాను, పనిచేసింది. పెళ్లి ఫోటోలు తీసే తమ్ముడికి ఇదే చేయమంటే ఇంకెప్పుడూ నా ఫోన్ ఎత్తడు.

మార్జిపానో నాకు నచ్చింది ఇక్కడే. దాని టూల్ పేజీ బ్రౌజర్‌లో తెరిచి ఫోటోని లాగి పడేస్తే అక్కడికక్కడే ముక్కలు కోస్తుంది. ఫోటో ఏ సర్వర్‌కీ వెళ్లదు, కోసేది మన కంప్యూటరే. లోయ, ధాన్యాగారం, జామియా మసీదు, మాధవరాయ గుడి, నాలుగు ఫోటోలు వేశాను. తెరవగానే ఎటు చూడాలో తిప్పి పెట్టి, ఒకదాన్నుంచి ఒకదానికి బాణాలు గుచ్చి, జిప్ దింపుకున్నాను. మొత్తం అరగంట. ఇదీ ఉచితమే. బావ ఫోన్‌లో తెరుచుకుంది.

లోపాలు లేకపోలేదు. దింపుకున్న జిప్‌ని మళ్లీ ఆ పేజీలో తెరిచి దిద్దడం కుదరదు. నేను "ధాన్యాగారం"లో ఒత్తు మింగేశాను, చివరికి డేటా.జేఎస్ అనే ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి సరిచేశాను. కొత్త వెర్షన్లు రావడం కూడా ఎప్పుడో నెమ్మదించింది. ఇంకొకటి: ఈ టూల్‌కి గుండ్రంగా పూర్తయిన 360 ఫోటోనే కావాలి.

ఫోన్ పనోరమా మోడ్‌లో తీసిన పొడుగాటి పట్టీ అయితే మాత్రం మళ్లీ పానెల్లమ్ దగ్గరికే రండి. ఆ పట్టీ అడ్డంగా ఎన్ని డిగ్రీలు, నిలువుగా ఎన్ని డిగ్రీలు అని చెప్పే హెచ్ఏఓవీ, వీఏఓవీ అనే రెండు అంకెలు ఇవ్వాలి. ఇవ్వకపోతే పట్టీని మొత్తం గోళానికి సాగదీస్తుంది, నిలబడ్డ మనుషులు తాటిచెట్లవుతారు.

డబ్బు తీసుకుని హోటళ్లకి, ఫంక్షన్ హాళ్లకి చేసిపెట్టేవాళ్లయితే కేఆర్‌పానో కొనండి. ఆస్ట్రియాలో తయారైంది, లైసెన్సు కొనకపోతే ఫోటో మీద డెమో అని రాత పడుతుంది. ఫోటోల్ని దాని ఐకాన్ మీద వదిలితే ఒకదాన్నుంచి ఒకదానికి వెళ్లే టూర్ మొత్తం కట్టేస్తుంది. పట్టీలూ తీసుకుంటుంది, ముక్కలూ చేస్తుంది. మార్పులు కావాలంటే దాని ఎక్స్‌ఎంఎల్, అంటే సెట్టింగులు రాసే కోడ్, నేర్చుకోవాలి. నాలాంటి సరదా మనిషికి అంత అవసరం లేదు.

పానో2వీఆర్ కూడా డబ్బుదే, కోడ్ ముట్టుకోకుండా బటన్లు గీసుకోవచ్చు. ఫోటో స్పియర్ వ్యూయర్ జావాస్క్రిప్ట్ రాసేవాళ్లకి. కూలా అయితే ఎక్కించి లింకు తీసుకోవడమే, కానీ ఫోటోలు వాళ్ల దగ్గరుంటాయి. నాకది పడదు.

ఏది వాడినా తయారైన పేజీని కంప్యూటర్‌లో డబుల్ క్లిక్ చేసి, రావట్లేదని కంగారు పడకండి. బ్రౌజర్లు అలా తెరవనివ్వవు, సర్వర్ మీద పెట్టాకే చూడాలి. ముక్కలు ఒక్కో ఫోటోకి కొన్ని వందలుంటాయి, ఒక్కొక్కటే ఎక్కిస్తే తెల్లారిపోతుంది. జిప్‌నే ఎక్కించి అక్కడ విప్పండి.