సున్నితమైన చర్మం మీద మొటిమలు: వేపా, ముల్తానీ మట్టా, కలబందా?

మా అమ్మాయి ముఖం తేరుకున్నప్పటి నుంచి శ్రీకాకుళంలో మా వీధివాళ్లు, చుట్టాలు అడిగేది ఒకటే: ‘ఏం రాశారు?’ వేపాకు, ముల్తానీ మట్టి, కలబంద మూడూ వాడి చూశాం. ముందే చెబుతున్నాను, నాది కలబంద పక్షం.

మొటిమను ఏది తొందరగా ఎండగొడుతుందా అని అందరూ చూస్తారు. చర్మం సున్నితమైనదైతే ముందు చూడవలసింది మంట. చర్మం పైపొర స్వతహాగా కాస్త ఆమ్లగుణంతో, పీహెచ్ (ఆమ్లగుణం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5కు అటూ ఇటూగా ఉంటుంది. ఆ పొర దెబ్బతింటే తేమ నిలవదు, ఏది రాసినా చురుక్కుమంటుంది. చామనఛాయ వాళ్లకైతే మొటిమ పోయినా నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. నిమ్మరసం పీహెచ్ 2 దరిదాపుల్లో ఉంటుంది. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి బొబ్బలెక్కవచ్చు. అందుకే దాన్ని ఇంట్లో ముఖం దాకా రానివ్వలేదు. వంటసోడా, టూత్‌పేస్టు కూడా వద్దు.

ముల్తానీ మట్టి జిడ్డును బాగా లాగుతుంది. మే నెల ఉక్కపోతలో మొదటి రెండుసార్లు హాయిగానే ఉంది. బీటలు వారేదాకా ఉంచడం మేము చేసిన తప్పు. బుగ్గలు బిగుసుకుపోయి, ముక్కు పక్కన పొట్టు లేచింది. బాగా జిడ్డు చర్మమైతే వారానికి ఒకసారి చాలు, అదీ తడి ఆరకముందే కడిగేయాలి.

‘అమ్మవారు పోసినప్పుడు ఒంటికి రాసిన ఆకే కదా, ఏం చేస్తుంది?’ అన్నారు మా అత్తగారు. వేపకు సూక్ష్మక్రిములను అణిచే గుణం ఉన్న మాట నిజమే. కానీ పచ్చి ముద్ద రాసిన గంటకే పిల్ల గడ్డమంతా దద్దుర్లు. ఆకులు మరిగించి చల్లార్చిన నీళ్లతో కడిగితే మాత్రం ఇబ్బంది రాలేదు.

కలబంద పడదనే వాళ్లలో చాలామంది కోసిన వెంటనే రాసేసుకుంటారు. మట్టను మొదలు దగ్గర కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గ్లాసులో నిలబెట్టండి. పావుగంటలో పసుపుపచ్చటి చేదు రసం బొట్లు బొట్లుగా దిగుతుంది. దురద పెట్టేది అదే. తర్వాత మట్టను కడిగి, పచ్చతోలు తీసి, గాజులా మెరిసే గుజ్జును ఇంకోసారి కడిగి పలుచగా రాయాలి. పావుగంట చాలు. ముందుగా మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడండి, ఇది కూడా పడనివాళ్లు ఉంటారు. కలబంద మొటిమను చంపదు, ఎరుపును చల్లారుస్తుంది. మాకు నెలన్నర పట్టింది.

టీ ట్రీ నూనె (ఒక ఆస్ట్రేలియా చెట్టు ఆకుల నుంచి తీసేది, తేయాకుది కాదు) 5 శాతం ఉన్న జెల్ మొటిమలపై నెమ్మదిగానైనా పనిచేస్తుందని 1990లో ఆస్ట్రేలియాలో 124 మందిపై జరిగిన పరీక్షలో తేలింది. నూనెను నేరుగా మాత్రం రాయకూడదు. తేనె, గంధం పడితే వాడుకోవచ్చు.

ముట్టుకుంటే నొప్పి పుట్టే లోతైన గడ్డలకు వీటిలో ఏదీ పనిచేయదు. గడ్డం కింద అలాంటివి రెండు లేచినప్పుడు, మచ్చ పడకముందే మా అమ్మాయిని చర్మవైద్యురాలికి చూపించాం.