పైపులు గడ్డకట్టకుండా చూసే హీటింగ్ కేబుల్: ఒక చలికాలం వాడిన తర్వాత

వేడి అందని గ్యారేజీ గోడ వెంట వెళ్లే మా నీటి పైపుకు హీటింగ్ కేబుల్ (కరెంటుతో వేడెక్కే తీగ) అమర్చి, చలికాలమంతా దాని పనితీరును గమనించాను. చలికి తగిలే పైపు భాగం కొద్దిపాటి పొడవే ఉండి, దగ్గరలో కరెంటు ప్లగ్గు ఉన్న ఇళ్లకు ఇది నిస్సందేహంగా కొనదగిన వస్తువు. అయితే అమర్చడంలో కనబరచిన శ్రద్ధను బట్టే ఇది కాపాడుతుంది. ఆ విషయాన్ని దీనితో వచ్చే సూచనల కాగితం చెప్పవలసినంత గట్టిగా చెప్పలేదు.

నీరు మంచుగా మారేటప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. మంచు ఉబ్బి నేరుగా పైపును చీలుస్తుందని చాలామంది అనుకుంటారు కానీ, ఎక్కువ సందర్భాలలో జరిగేది వేరు: పైపు మధ్యలో ఏర్పడిన మంచు ముద్ద పెరుగుతూ, తనకూ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటిని నొక్కుతుంది, ఆ ఒత్తిడి తట్టుకోలేక, మంచు లేని చోట కూడా పైపు పగులుతుంది. మంచు అడ్డుగా ఉన్నంతసేపు నీరు పెద్దగా కారదు గనుక, అది కరిగి ఇల్లు తడిసేదాకా నష్టం బయటపడకపోవచ్చు. బాగా చలిగా ఉన్న రాత్రి కుళాయిని సన్నని ధారగా వదిలి ఉంచమనడంలో ఆంతర్యం కూడా ఈ ఒత్తిడిని తగ్గించడమే. పైపుకు తొడిగే ఫోమ్ గొట్టం తనకుగా వేడిని పుట్టించదు, ఉన్న వేడి పోవడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. చలి గంటల తరబడి సాగినప్పుడు ఆ ఆలస్యం సరిపోదు. కేబుల్ అవసరం అక్కడే కలుగుతుంది.

నేను తీసుకున్నది వేడిని తనంతట తానే సర్దుకునే సెల్ఫ్ రెగ్యులేటింగ్ రకం. ఇందులో రెండు తీగల నడుమ కార్బన్ కలిపిన ప్లాస్టిక్ పదార్థం ఉంటుంది. చల్లబడినప్పుడు అది ముడుచుకుని విద్యుత్తుకు ఎక్కువ దారులు ఇస్తుంది, అందువల్ల వేడి పెరుగుతుంది. వేడెక్కినప్పుడు వ్యాకోచించి ఆ దారులను తగ్గిస్తుంది. ఒకే తీగ పొడవునా, చలిగాలి తగిలే మూల ఎక్కువగానూ గది వైపు తక్కువగానూ వేడినివ్వడం దీని గొప్ప సుగుణం. ఎప్పుడూ ఒకే మోతాదులో వేడినిచ్చే రకం చవకగా దొరుకుతుంది కానీ, అది ఒకదానిపై ఒకటి పడిన చోట వేడి పేరుకుపోయి, తొడుగు కరిగి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. గోడల మాటున, కంటికి ఆనని చోట పెట్టడానికి ఏ రకమూ తగదు.

అమర్చడంలో మరికొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. ప్లాస్టిక్ పైపైతే, దానికి తగినదని కేబుల్ మీద స్పష్టంగా రాసి ఉండాలి. కింద అల్యూమినియం టేపు అంటిస్తే వేడి సమానంగా పరుచుకుంటుంది. పైన తయారీదారు అనుమతించిన, మండే గుణం లేని ఇన్సులేషన్‌నే చుట్టాలి. ప్లగ్గుతో సహా సిద్ధంగా వచ్చే కేబుల్‌ను పొడవు ఎక్కువైందని కత్తిరించకూడదు, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకూడదు; విద్యుత్తు లీకైతే వెంటనే సరఫరా ఆపే బ్రేకరు ఉన్న ప్లగ్గునే వాడాలి. కొనే ముందే పైపు పొడవు కొలుచుకోవడం వీటన్నిటికంటే ముఖ్యం.

నాకు నచ్చనిది దీని సూచిక దీపం. అది ప్లగ్గుకు కరెంటు వస్తోందని మాత్రమే చెబుతుంది, కేబుల్ నిజంగా వేడెక్కుతోందో లేదో చెప్పదు. లోపల తీగ తెగినా దీపం వెలుగుతూనే ఉంటుంది కనుక, చలి మొదలవగానే తొడుగు బయట ఉన్న భాగాన్ని చేత్తో తాకి చూసుకోవలసిందే. ఇంత కీలకమైన పని చేసే పరికరానికి ఈ లోపం చిన్నది కాదు, తయారీదారు తప్పక సరిదిద్దాలి. థర్మోస్టాట్ మాత్రం నమ్మకంగా పనిచేసింది: ఉష్ణోగ్రత సుమారు 3 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోగానే కేబుల్‌ను నడిపించి, చలి తగ్గగానే ఆపేసింది.

కరెంటు పోతే కేబుల్ ఉన్నా లేనట్టే. తుఫాను చలిలోనే సరఫరా ఆగే అవకాశం ఎక్కువ గనుక, ఇంటికి వచ్చే నీటిని ఆపే మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి, అది బిగుసుకోకుండా అప్పుడప్పుడు తిప్పి చూడాలి. చలికాలంలో ఇల్లు ఖాళీగా వదిలి వెళ్లేవారికి నేను ఈ కేబుల్ ఒక్కటే చాలునని చెప్పను. మెయిన్ వాల్వు మూసి, పైపుల్లోని నీటిని వదిలేసి వెళ్లడం వారికి మేలు. బయటి కుళాయికి తగిలించిన తోట గొట్టాన్ని కూడా అప్పుడే విప్పేయాలి.