క్రీట్‌లో కారు అద్దెకి తీసుకుంటున్నారా? "ఫుల్ ఇన్సూరెన్స్" అన్న మాట నమ్మి మేం 460 యూరోలు పోగొట్టుకున్నాం

జూన్‌లో గ్రీసులోని క్రీట్ ద్వీపానికి వెళ్ళొచ్చాం. నేను, మా ఆయన, పాప, విజయవాడ నుంచి వచ్చిన మా అత్తగారు. మ్యూనిక్‌లో విమానం ఎక్కి హన్యాలో దిగాం. సముద్రం గురించి ఎంత చెప్పినా తక్కువే. దెబ్బంతా అద్దె కారు దగ్గరే పడింది.

బుకింగ్ సైట్లో కారుతో పాటు "ఫుల్ ప్రొటెక్షన్" కూడా కొన్నాం. మన దగ్గర రిపేరు ఖర్చంతా ఇన్సూరెన్స్ వాళ్ళే కడతారని బంపర్ టు బంపర్ అంటారే, అలాంటిదేననుకున్నా. ఎయిర్‌పోర్టు కౌంటర్లో అబ్బాయి 1,200 యూరోలు డిపాజిట్‌గా క్రెడిట్ కార్డు మీద బ్లాక్ చేస్తానన్నాడు. ఇన్సూరెన్స్ ఉంది కదా అంటే, "అది సైట్ వాళ్ళది మేడమ్. ఏదైనా అయితే ముందు మాకు కట్టి, తర్వాత వాళ్ళ దగ్గర వసూలు చేసుకోవాలి" అన్నాడు. అక్కడే ఆగాల్సింది. పాప ఏడుస్తోంది, వెనక క్యూ. సంతకం పెట్టేశాను.

మూడో రోజు బాలోస్ బీచ్‌కి వెళ్ళాం. ఫోటోల్లో చూసే ఉంటారు, లేత నీలం నీళ్ళు, తెల్లటి ఇసుక. కలివియాని ఊరు దాటాక దాదాపు 8 కిలోమీటర్లు మట్టి రోడ్డే. ఒక పక్క లోయ, రోడ్డు మీద మేకలు. అందరూ చిన్న కార్లలోనే పోతున్నారని మేమూ పోయాం. తిరిగొచ్చేటప్పుడు రాయి తగిలి టైరు పక్కగోడ చీలింది. డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు, గాలి కొట్టే కిట్ ఉంది. చీలిన టైరుకి అదేం చేస్తుంది? బీచ్ నుంచి పార్కింగ్ దాకా కొండెక్కి అప్పటికే అలసిపోయిన అత్తగారు మళ్ళీ రెండు గంటలు ఎండలో కూర్చున్నారు.

టోయింగ్ 180, టైరు 140, కారు కింద ప్లాస్టిక్ కవర్ 140. ఈ 460 యూరోలూ డిపాజిట్‌లోంచి కోసుకున్నారు. సైట్ వాళ్ళని అడిగితే, "మట్టి రోడ్డు మీద నడపకూడదని కాంట్రాక్టులో ఉంది, క్లెయిమ్ రాదు" అని రెండు లైన్ల మెయిల్ పెట్టారు. నిజమే, మూడో పేజీలో ఉంది. టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం కూడా మినహాయింపే. కౌంటర్లో ఎవరూ నోరు విప్పలేదు. మా ఆయన మాత్రం "చదవకుండా సంతకం పెట్టింది ఎవరు?" అని ఇప్పటికీ అంటుంటారు, అది వేరే గొడవ.

కాబట్టి కౌంటర్లో మూడే అడగండి: మట్టి రోడ్డు మీద కవర్ ఉందా, టైర్లూ అడుగుభాగం కలిశాయా, స్టెప్నీ ఉందా. జవాబు కాగితం మీద రాయించుకోండి. బయల్దేరే ముందు కారు చుట్టూ, కింద కూడా వీడియో తీయండి. ఇండియా లైసెన్స్ మీద నడిపేవాళ్ళకి ఇంటర్నేషనల్ పర్మిట్ కావాలి. అది మన ఆర్టీవో ఆఫీసులోనే ఇస్తారు కాబట్టి ఇండియాలో ఉండగానే తీసుకోండి.

బాలోస్‌కి అసలు కారే అక్కర్లేదు. కిస్సామోస్ రేవు నుంచి పడవలు వెళ్తాయి, దారిలో గ్రామ్‌వూసా కోట కూడా చూపిస్తారు. జులై, ఆగస్టుల్లో మెల్టెమి అనే ఉత్తరగాలి గట్టిగా వీస్తే పడవలు ఆపేస్తారు. టికెట్ కొనేముందు ముందురోజు సాయంత్రం ఒకసారి కనుక్కోండి.