చర్చి పెత్తనంపై రాజకీయ పోరాటాలు: ఒక ఆన్‌లైన్ ఉపన్యాస పరంపరపై సమీక్ష

మతాధికారుల పెత్తనాన్ని రాజకీయంగా ఎదిరించినవారి చరిత్రను ఫ్రెంచి విప్లవం మొదలుకొని మెక్సికోలో కేథలిక్కు రైతులు జరిపిన క్రిస్టెరో తిరుగుబాటు దాకా వివరించే ఒక ఆన్‌లైన్ ఉపన్యాస పరంపరను చందా కట్టి పూర్తిగా విన్నాను. ఈ చరిత్రను ఆస్తికులకూ నాస్తికులకూ మధ్య తగవుగా కుదించేవారు చాలామంది ఉన్నారు. ఈ ఉపన్యాసకురాలు మాత్రం భూమి, బడి, జనన మరణాల రిజిస్టరు ఎవరి చేతిలో ఉండాలన్నదే అసలు వివాదమని మొదటి పాఠంలోనే స్థిరపరిచి, చివరిదాకా ఆ దృష్టిని వదలలేదు.

ఫ్రాన్సు పాఠాలు ఈ పరంపరకు ప్రాణం. 1789 నవంబరులో చర్చి ఆస్తులను జాతిపరం చేయడం, 1790లో మతగురువులను ప్రభుత్వ జీతగాళ్లుగా మార్చడం, రాజ్యానికి విధేయతా ప్రమాణం చేయడం దగ్గర వారు రెండుగా చీలిపోవడం అన్నీ ఓపికగా చెప్పారు. అన్నిటికన్నా విలువైనది 1792 సెప్టెంబరు 20 నాటి చట్టం గురించిన భాగం. మనిషి పుట్టుకకూ పెళ్లికీ చావుకూ స్థానిక కేథలిక్కు (పారిష్) చర్చి పుస్తకమే ఆధారమైన రోజుల్లో, ఆ చర్చిలో పెళ్లి చేసుకోని ప్రొటెస్టెంటు దంపతుల పిల్లలు చట్టం కంట అక్రమ సంతానమయ్యేవారు. 1787 నాటి రాజశాసనం వారికి కొంత ఊరటనిచ్చింది. 1792 చట్టం ఆ రిజిస్టర్లనే పురపాలక సంఘాలకు అప్పగించింది. మతాధికారం సామాన్యుడి ఇంట్లోకి ఎంత లోతుగా చొచ్చుకుపోయిందో నాకు ఈ పాఠంలోనే స్పష్టమైంది.

"మతాధికార పెత్తనమే శత్రువు" అని 1877లో ఫ్రెంచి రిపబ్లికన్ నాయకుడు గాంబెట్టా చేసిన ప్రకటన నుంచి 1905 నాటి చర్చి, రాజ్య విభజన చట్టం వరకు కథనం చక్కగా సాగుతుంది. అప్పట్లో జర్మనీ ఏలుబడిలో ఉన్నందున ఆ చట్టం వర్తించని, ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్న ఆల్సేస్, మొజెల్ ప్రాంతాల్లో నేటికీ మతగురువులకు ప్రభుత్వమే జీతమిస్తోందన్న విషయాన్నీ వదలలేదు.

జర్మనీ చాన్సలర్ బిస్మార్క్ కేథలిక్కు చర్చిపై సాగించిన అణచివేత చివరికి కేథలిక్కుల రాజకీయ పక్షమైన సెంటర్ పార్టీనే బలపరిచిందన్న పాఠం క్లుప్తంగా ఉన్నా సరిపోతుంది. స్పెయిన్ విషయంలో మాత్రం నా అభ్యంతరం గట్టిది. అంతర్యుద్ధంలో, ముఖ్యంగా 1936 తొలి నెలల్లో, వేలమంది మతగురువులూ సన్యాసినులూ హత్యకు గురైన ఘట్టాన్ని కొన్ని నిమిషాల్లో ముగించడం అన్యాయం. పెత్తనంపై పోరాటం మనుషుల వేటగా ఎలా మారిందో వివరించకుండా ఈ చరిత్రను నిజాయితీగా చెప్పడం సాధ్యం కాదు. మెక్సికో పాఠంలో ఆ నిజాయితీ ఉంది: చర్చిపై ఆంక్షలు విధించిన 1926 నాటి కాయెస్ చట్టం, దానికి నిరసనగా బిషప్పులు బహిరంగ ఆరాధనను నిలిపివేయడం, ఆయుధాలు పట్టిన రైతుల విశ్వాసం, ప్రభుత్వానికీ చర్చికీ మధ్య 1929 నాటి రాజీ అన్నిటికీ తగిన సమయం ఇచ్చారు.

మెక్సికో పాఠాన్ని ముందుగా వినవద్దని కొత్తవారికి నా సూచన. 1859లో మెక్సికో అధ్యక్షుడు హువారెస్ ప్రభుత్వం పౌర రిజిస్టరును ఎందుకు అంత పట్టుదలగా నెలకొల్పిందో ఫ్రాన్సు పాఠాలు విన్నాకే సులువుగా అర్థమవుతుంది.