పక్షవాతం వస్తే ‘న్యూరో’ బోర్డు చూసి లోపలికి పోకండి (నల్గొండ చుట్టుపక్కల వాళ్లకు)

పోయిన నెల పొద్దున ఆరున్నరకు మా నాయన చేతిలోంచి చాయ్ గ్లాసు జారిపడింది. తీయబోతే కుడి చెయ్యి లేవలేదు, మూతి ఒక పక్కకు పోయింది. ఊళ్లో ఆర్‌ఎంపీ నల్గొండలో ఒక ప్రైవేటు న్యూరో ఆసుపత్రి పేరు చెప్పి, తనే ఫోన్ కూడా చేశాడు. ఏడున్నరకు అక్కడున్నాం.

బోర్డు మీద ఇద్దరు న్యూరాలజిస్టుల (మెదడు, నరాల డాక్టర్ల) పేర్లున్నాయి. లోపల డ్యూటీ డాక్టరు ఒక్కడే. ఆ ఇద్దరూ హైదరాబాద్ నుంచి ఆదివారం మాత్రమే వస్తారట. ఈ సంగతి చెప్పింది మేం ఇరవై వేలు అడ్వాన్స్ కట్టి, సెలైన్ ఎక్కించాక. సీటీ స్కాన్ అక్కడ లేదు, ఆటోలో బయటికి తీసుకుపోయాం. తిరిగొస్తే, "పెద్ద సారుకు వాట్సాప్‌లో పెట్టాం, చూస్తారు" అంటూ పదకొండు దాటేదాకా కూర్చోబెట్టి, అప్పుడు హైదరాబాద్ పొమ్మన్నారు.

అక్కడి డాక్టరు అడిగిన మొదటి మాట: "మనిషి చివరగా మంచిగా ఉన్నది ఎన్ని గంటలకు?" మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే, కరిగించే ఇంజెక్షన్ మనిషి చివరగా మంచిగా ఉన్నప్పటి నుంచి నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. అదీ సీటీలో రక్తస్రావం లేదని చూశాకే. మా సీటీలో లేదు. దాని మీద టైమ్ 8.50 అని ప్రింటై ఉంది. ఆ కాగితం చూసినప్పుడల్లా నా కడుపు రగిలిపోతుంది. ఏడున్నరకే "మా వల్ల కాదు" అని ఉంటే తొమ్మిదిన్నర, పదింటికల్లా హైదరాబాద్‌లో ఉండేవాళ్లం. దూరం వంద కిలోమీటర్లే. కొందరికి ఆ గడువు దాటినా తొడ దగ్గర నుంచి ట్యూబ్ పంపి గడ్డ తీస్తారు, కాబట్టి ఆలస్యమైందని ఆగిపోకండి. మా నాయనకు అదీ కుదరలేదు.

దయచేసి బండి ఎక్కుతూనే ఆసుపత్రికి ఫోన్ చేయండి. న్యూరాలజిస్టు ఇప్పుడు, ఈ నిమిషంలో ఉన్నారా? సీటీ మీ దగ్గరే ఉందా? గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారా? "ముందు తీసుకురండి, చూద్దాం" అంటే అక్కడికి పోకండి. ఆరోగ్యశ్రీ ఈ జబ్బుకు తీసుకుంటారా అన్నదీ అప్పుడే అడగండి. మమ్మల్ని డబ్బు కట్టాక కాదన్నారు.

ఆ నల్గొండ ఆసుపత్రి వాళ్లు కేస్ షీట్ (వైద్యం వివరాలు రాసిన కాగితాలు) కూడా ఇవ్వమన్నారు, అంటే కుదరదన్నారు. రాసి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని రూల్ ఉంది. రాసి ఇచ్చి, దాని మీద స్టాంపు వేయించుకుంటేనే కదిలారు. ఆ కాగితాలన్నీ కలిపి డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను. నాయన ఎడమ చేత్తో తినడం నేర్చుకుంటున్నాడు.